ఏడు పేటల హారం కోసం పత్తర్‌గట్టీకి

మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. కిందటేడు కాలేజీ వార్షికోత్సవానికి నిజాం కాలం నాటి ఒక దేవిడీ కథను నాటకంగా వేస్తున్నామనీ, అందులో తనది పెద్ద బేగం వేషమనీ చెప్పింది. సంతోషించాను. మర్నాడు అసలు సంగతి బయటపెట్టింది. బట్టలు అద్దెకు దొరుకుతాయట గానీ నగల అద్దె మాత్రం భరించేలా లేదట. పైగా డిపాజిట్టు కట్టాలట. "అమ్మా, నువ్వు పూసలు గుచ్చుతావు కదా, సత్‌లడా చేసిపెట్టు" అంది, అదేదో ఉప్మా చేసిపెట్టమన్నంత తేలిగ్గా.

సత్‌లడా అంటే ఏడు పేటల ముత్యాల హారం. సాత్ అంటే ఏడు, లడ్ అంటే పేట. హైదరాబాదు బేగమ్‌లు, నవాబుల ఇంటి పెళ్ళికూతుళ్ళు ఖడా దుపట్టా మీద వేసుకునేది. ముత్యాల మధ్య మధ్య పచ్చలు, కెంపులు వస్తాయి. ఖడా దుపట్టా అంటే చుడీదారు, కుర్తా, వాటి మీద ఆరు గజాల దుపట్టా. ఇప్పటికీ హైదరాబాదు ముస్లిం పెళ్ళిళ్ళలో వధువులు కట్టుకుంటున్నారు. గొంతుకు అంటిపెట్టుకుని చింతాక్, దాని కింద సత్‌లడా, ఇంకా కిందికి రాణీహారం, చెవులకు కరణ్‌ఫూల్, నుదుటి పక్కన ఝూమర్. ఇన్ని ఉన్నా దూరం నుంచి చూసేవాళ్ళకు కనబడేది ఏడు పేటల ముత్యాలే.

అసలు సత్‌లడాను నేనొకసారి చూశాను. పెళ్ళైన కొత్తలో, 2006లో, సాలార్‌జంగ్ మ్యూజియంలో నిజాం నగలు ప్రదర్శనకు పెట్టారు. కేంద్ర ప్రభుత్వం 1995లో 218 కోట్ల రూపాయలకు కొన్న 173 నగలవి. అంతకుముందు 2001లో ఒకసారి పెట్టినప్పుడు నాకు చూసే వీలు కాలేదు. ఈసారి మావారిని పోరి మరీ వెళ్ళాను. అందరూ జేకబ్ వజ్రం దగ్గర మూగితే, నేను బస్రా ముత్యాల ఏడు పేటల హారం దగ్గర ఆగిపోయాను. వెనకవాళ్ళు "నడవండమ్మా, నడవండి" అని తోస్తుంటే కదిలాను. ఆ తెలుపు సున్నం తెలుపు కాదు, పాల తెలుపూ కాదు. అప్పుడే పితికిన గుమ్మపాలలో కాస్త పసుపు కలిసినట్టుండే తెలుపు.

అంత చూసినదాన్ని కదా, చేయలేనా అనుకున్నా. బజారులో ప్లాస్టిక్ ముత్యాలు తెచ్చి, ఏడు పేటలూ ఒకే పొడవున గుచ్చి, రెండు కొసలూ కలిపి ముడేశాను. అమ్మాయి మెడలో వేసి చూస్తే ఏడు పేటలూ ఒకదాన్నొకటి పెనవేసుకుని ఎద్దు మెడలో పలుపుతాడులా తయారైంది. దానికి బరువు కూడా లేదు. నడిస్తే ఎగిరెగిరి పడుతోంది. అమ్మాయి ఏమీ అనలేదు గానీ దాని మొహం చూస్తే నాకే సిగ్గేసింది.

సరే, చేసేవాళ్ళ దగ్గరికే వెళ్ళి చూద్దాం అని బయల్దేరాను. ఇది పైకి చెప్పిన కారణం. ఇంకో కారణం నా హ్యాండ్‌బ్యాగులో చిన్న డబ్బాలో ఉంది. అది ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ డబ్బాలో మా అమ్మ ముత్యాల దండ ఉంది. ఒంటిపేట, 63 ముత్యాలు. అమ్మ పాలమ్మిన డబ్బు చీటీ వేసి, ఆ చీటీ పాడుకుని, 1978లో నాన్నతో హైదరాబాదు వెళ్ళి పత్తర్‌గట్టీలో కొనుక్కున్నది. అమ్మకు పుస్తెలతాడు తర్వాత ఉన్న నగ అదొక్కటే. మా మరిది పెళ్ళికి, 2011లో, వేసుకుంటానని అడిగి తెచ్చుకున్నాను. కాస్త పచ్చబడి ఉంది. పెళ్ళిపనుల్లో దీపం కుందులు, వెండి గ్లాసులు చింతపండు పెట్టి తోముతున్నాను కదా, ఆ చింతపండు నీళ్ళలోనే దండ కూడా వేసి రాత్రంతా నానబెట్టాను. తెల్లారి తీస్తే ముత్యాలు సున్నపు ముక్కల్లా ఉన్నాయి. మెరుపన్నది లేదు. చేత్తో తాకితే గరుకు. వేసుకోకుండానే డబ్బాలో పెట్టి బీరువాలో దాచాను. అమ్మకు తిరిగిద్దామంటే, "నీ దగ్గరే ఉండనియ్యి, పిల్ల పెళ్ళికి పెట్టు" అంది. అప్పటినుంచి ఆ డబ్బా తెరవలేదు. అమ్మ అడిగిన ప్రతిసారీ భద్రంగా ఉంది అని చెబుతూ వచ్చాను.

శనివారం పొద్దున్న బస్సెక్కి ఎం.జి.బి.ఎస్.లో దిగాను. శుక్రవారమైతే మ్యూజియంకు సెలవు, అది గుర్తుపెట్టుకోండి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండే మా ఆడబిడ్డ నా కోసం అక్కడికే వచ్చింది. ఆటోలో నయాపూల్ దాటి మదీనా దగ్గర దిగి, అక్కణ్ణుంచి నడక. కుడి ఎడమల రాతి కమానులు, కమానుల కింద వరసగా దుకాణాలు. అదే పత్తర్‌గట్టీ. ముత్యాల దుకాణాల అద్దాల్లో తెల్లటివి, గులాబీ రంగువి, బూడిద రంగువి గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. కాస్త ముందుకెళితే గుల్జార్ హౌజ్, నాలుగు వైపులా నాలుగు కమాన్లు, ఎదురుగా చార్మినార్. మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో కట్టించిన చార్మినార్ పక్కనుంచి పడమటికి తిరిగితే లాడ్‌బజార్. అక్కడి లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా ఆడబిడ్డ గాజుల దగ్గరే ఆగిపోతానంది. "వదినా, ముందు పని చూద్దాం పద" అని లాక్కెళ్ళాను.

సముద్రం ఛాయలు లేని ఊరికి ముత్యాలకింత పేరెందుకని నాకెప్పుడూ అనుమానం. గోల్కొండ నవాబులు, తర్వాత నిజాములు కొనేవాళ్ళు కాబట్టి వ్యాపారులు తెచ్చేవాళ్ళు, అంతే. పర్షియా సింధుశాఖలో గజ ఈతగాళ్ళు ప్రాణాలకు తెగించి మునిగి తీసిన ముత్యాలు బస్రా రేవు మీదుగా వచ్చేవి. అందుకే వాటిని బస్రా ముత్యాలన్నారు. కొనేవాళ్ళున్న చోటికి బెజ్జాలు వేసేవాళ్ళు, ఏరేవాళ్ళు, గుచ్చేవాళ్ళు కూడా చేరారు. భద్రాచలం రాములవారి కళ్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీ కూడా ఆ నవాబుల కాలానిదేనని మనం చెప్పుకుంటాం కదా. తర్వాత జపాన్ వాళ్ళు ముత్యపు చిప్పలను పెంచి ముత్యాలు పండించడం మొదలుపెట్టారు. బస్రా వ్యాపారం పడిపోయింది. ఇప్పుడు ఇక్కడ అమ్మేవాటిలో ఎక్కువ భాగం చైనా మంచినీటి ముత్యాలే. బేరం మాత్రం పాతబస్తీదే.

రెండు మూడు పెద్ద దుకాణాల్లో అడిగితే కొనేవి చూపిస్తారు గానీ గుచ్చే పద్ధతి ఎవరు చెప్తారు? చివరికి ఒక దుకాణం కుర్రవాడే సందులో ఒక మెట్ల దారి చూపించాడు. పైన చిన్న గది. పరుపు మీద తెల్లగుడ్డ పరిచి, ఒక పెద్దాయన కూర్చుని ముత్యాలు గుచ్చుతున్నాడు. నగలకు దారం పని చేసేవాళ్ళను పట్వా అంటారు. కాలి బొటనవేలికి దారం కొస తగిలించి, రెండు చేతులతో జరీతాడు అల్లుతుంటే చూడముచ్చటగా ఉంది. కళ్ళజోడు ముక్కు మీదికి జారినా చెయ్యి ఆగలేదు.

నేను చేసిన పలుపుతాడు బయటికి తీశాను. నవ్వుతాడనుకున్నా, నవ్వలేదు. "ఫోటో చూసి గుచ్చిన్రా అమ్మా? మెడ చూసి గుచ్చాలె" అన్నాడు. చెప్పొద్దూ, నేను వెళ్ళినందుకు ఆ ఒక్క మాట చాలు.

ఆయన చూపించింది నాకర్థమైనట్టు చెబుతాను. ఏడు పేటలూ ఒక్క ముడిలో కలవవు. అటొకటి ఇటొకటి ఏడేసి బెజ్జాలున్న పట్టీలుంటాయి. పై బెజ్జంలోకి అన్నిటికన్నా చిన్న పేట, కింది బెజ్జంలోకి అన్నిటికన్నా పెద్దది వెళ్ళాలి. మొదటి పేట 16 అంగుళాలనుకుంటే తర్వాతది పదిహేడున్నర, ఆ తర్వాతది 19. ఇలా ఒక్కోదానికి అంగుళంన్నర పెంచుకుంటూ పోతే ఏడోది 25 అంగుళాలు. అప్పుడు వేసుకుంటే పేటకూ పేటకూ మధ్య ఒక వేలు ఎడం వస్తుంది. కానీ అందరి ఛాతీ ఒకలా ఉండదు కాబట్టి, వేసుకునే మనిషిని నిలబెట్టి, ఆ బట్టలతోనే నిలబెట్టి, పురికొసతో ఒక్కో పేట కొలుచుకోమన్నాడు. బ్లౌజు కుట్టడానికి కొలత తీసుకుంటాం, హారానికి మాత్రం తీసుకోం, ఎందుకో మరి.

ఏడూ కలిపితే 143 అంగుళాల పైమాటే. 6 మిల్లీమీటర్ల పూసలైతే ఆరు వందలు పడతాయి. ప్లాస్టిక్ వద్దన్నాడు, దానికి వాలు రాదు. గాజుపూసకు ముత్యం పూత పూసినవి తీసుకుంటే బరువుకు చక్కగా జారి కూర్చుంటాయి. మరీ బరువైతే మెడ కోసుకుపోకుండా, వెనకవైపు కొక్కెం బదులు జరీతాడు, ఆ తాడుకు మెడ తగిలే చోట మెత్తటి గుడ్డ. తాడుకు జారుముడి వేస్తే ఎవరి మెడకైనా సరిపోతుంది. దారం సంగతి ఇంకోటి. గుచ్చగానే ముడి వేసేయకూడదట. పేటకు చిన్న బరువు కట్టి ఒక రాత్రి వేలాడదీయాలి. దారం సాగేదంతా సాగాక, మళ్ళీ బిగించి ముడేయాలి. లేకపోతే నాటకం మధ్యలో పేటలు కిందికి దిగి దారం బయటపడుతుంది.

ఇంతవరకూ అన్నీ హాయిగా విన్నాను. డబ్బా తీయడానికి మాత్రం చెయ్యి రాలేదు. మా ఆడబిడ్డ కిందికి వెళ్ళి చాయ్ తెస్తానంది. అది మెట్లు దిగేదాకా ఆగి, డబ్బా ఆయన ముందు పెట్టాను.

దండ చేతిలోకి తీసుకుని వెలుగు దగ్గర పట్టాడు. ఒక ముత్యాన్ని గోటితో తాకాడు. "ఏం పెట్టి కడిగిన్రు అమ్మా?" అన్నాడు.

"చింతపండు."

ఒక్క క్షణం ఆగి "ఇది ఇత్తడి కాదు గదమ్మా" అన్నాడు. అంతే, తిట్టలేదు. నాకు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

జపాన్ ముత్యమేనట, మంచిదేనట. ఇలాంటి ముత్యం లోపల చిప్పను గుండ్రంగా చెక్కి చేసిన గింజ ఉంటుంది. దాని చుట్టూ ముత్యపు పురుగు పొరమీద పొర పూస్తుంది. మనం ముత్యం అని మురిసేది ఆ పైపొరనే. అదంతా సున్నం జాతి పదార్థం. పులుపు తగిలితే కరిగిపోతుంది. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, ఏదైనా ఒకటే. సెంటు, హెయిర్‌స్ప్రే, చెమట కూడా నెమ్మదిగా అదే పని చేస్తాయి. పోయిన మెరుపు పాలిష్‌తో రాదు, పైపొరే లేనప్పుడు దేనికి పాలిష్ వేస్తారు? అందుకే ముస్తాబంతా అయ్యాక ఆఖరున ముత్యాలు వేసుకుని, ఇంటికి రాగానే మొదట వాటినే తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, గుడ్డలోనే చుట్టి పెట్టాలి. ప్లాస్టిక్ కవరులో గాలాడకుండా కట్టిపెట్టకూడదు. నేను 13 ఏళ్ళకు పైగా చేసింది అదే!

"మొత్తం పోయినయా?" అని అడిగాను.

ఆయన దండను గుడ్డ మీద చుట్టలా పరిచి వేలితో చూపించాడు. కొక్కేనికి అటు 11, ఇటు 11 ముత్యాలు బాగానే ఉన్నాయి. కాస్త పచ్చగా, కానీ మెరుపుతో. అప్పుడు గుర్తొచ్చింది. ఆ రాత్రి నేను వాడింది చిన్న వెండి గిన్నె. దండ పట్టక రెండు కొసలూ అంచు మీంచి బయటికి వేలాడాయి. నీళ్ళు తగలని కొసలవి. మిగతా 41 పోయినట్టే.

పళ్ళ మీద రాసి చూడమన్నాడు. మంచి ముత్యం సన్నని ఇసుకలా గరగరమంటుంది, గాజుది జర్రున జారిపోతుంది. అమ్మ ముత్యం గరగరమంది. దాని పక్కన నేను కొన్న ప్లాస్టిక్‌ది రాసుకుని చూశాను, సబ్బులా జారింది. మా ఆడబిడ్డ చాయ్ పట్టుకుని వచ్చేసరికి నేను పళ్ళకు ముత్యాలు రాసుకుంటూ కూర్చున్నాను. "వదినా, ఆకలేస్తే చెప్పొచ్చు కదా" అంది. పెద్దాయన కూడా నవ్వాడు.

ఆ ఇరవై రెండింటినీ సత్‌లడాలోనే పెడదామని నాకే తోచింది. ఎలాగూ పిల్లకోసం దాచమన్నదే కదా అమ్మ. అందరికీ కనిపించేలా కింద పెడదామంటే ఆయన వద్దన్నాడు. కింది పేట చేతులకు, దుపట్టా జరీకి తగిలి రాసుకుపోతుందట. గొంతు దగ్గరి మొదటి పేటలో నడిమధ్యన పెట్టమన్నాడు. పాత దారం తెంపి, పట్టుదారం మీద, ముత్యానికీ ముత్యానికీ మధ్య ఒక్కో ముడి వేసి ఆయనే గుచ్చి ఇచ్చాడు. ముడి ఉంటే ఒకదానికొకటి రాసుకోవు. తెగినా ఒక్కటే రాలుతుంది, మిగతావి నిలుస్తాయి. ఏడు బెజ్జాల పట్టీలు జత, జరీతాడు ఆయన దగ్గరే తీసుకున్నాను. ముడుల పనికి మాత్రం డబ్బులు పుచ్చుకున్నాడు, నేర్పినందుకు పుచ్చుకోలేదు.

గాజు ముత్యాలు కొనేటప్పుడు అమ్మ ముత్యం ఒకటి చేతిలో పట్టుకుని వెళ్ళాను. దుకాణంలో ట్యూబులైటు కింద అన్నీ ఒకే తెలుపు. గడప దగ్గరికి తెచ్చి పగటి వెలుతురులో చూస్తే ఒకటి నీలం పోతుంది, ఒకటి బూడిద. నాలుగు రకాలు తిరగేశాక మీగడ రంగువి దొరికాయి. పది దండలు, ఎరుపు ఆకుపచ్చ రాళ్ళు కొన్ని. అందరం చేసే పొరపాటు తెల్లగా మెరిసేవి తీసుకోవడం. స్టేజి లైట్లకు అవి ప్లాస్టిక్ బిందెలా మెరుస్తాయి. పాతకాలం వేషానికి కొంచెం పచ్చబారిన రంగే పాతగా కనిపిస్తుంది.

ఇంత దూరం వచ్చాం కదా అని చౌమహల్లా పాలెస్ కూడా చూశాం. అక్కడి పాత దుస్తులు, ఫోటోలు చూస్తే నగ ఎక్కడ పడాలో తెలుస్తుందని నా ఆశ. మా ఆడబిడ్డకు మాత్రం షాండ్లియర్లే నచ్చాయి. తిరిగొచ్చేటప్పుడు లాడ్‌బజారులో దానికి లక్క గాజులు కొనిపెట్టక తప్పలేదు.

ఇంటికొచ్చాక ఎనిమిది రాత్రులు పట్టింది. వంటపనయ్యాక పళ్ళెంలో తువ్వాలు పరిచి కూర్చునేదాన్ని. తువ్వాలు లేకపోతే పూసలన్నీ మంచం కిందే. రెండో పేట ఒకసారి తెగింది, నాలుగో పేటలో ఎరుపు రాయి వరస తప్పి మొత్తం విప్పాల్సొచ్చింది. ఏడు పేటలకూ చిన్న తాళంకప్పలు కట్టి కిటికీ ఊచకు వేలాడదీస్తే, పాలు పోయడానికొచ్చినామె "ఇదేం దిష్టి అక్కా" అని అడిగింది. పేటలన్నీ పట్టీలకు ఎక్కించి అమ్మాయికి వేసి చూశాను. ఒక వేలు ఎడం, సరిగ్గా వచ్చింది. అమ్మాయి అద్దం ముందునుంచి కదల్లేదు. గొంతు దగ్గరివి అమ్మమ్మ ముత్యాలని చెప్పాను. మిగతా కథ చెప్పలేదు.

నాటకానికి అమ్మ కూడా వచ్చింది. కళ్ళకు ఆపరేషన్ అయింది గానీ చూపు అంతంత మాత్రం. ముందు వరసలో కూర్చోబెట్టాను. పరదా లేచి, బూడిద రంగు దేవిడీ గోడల ముందు ఎర్రటి ఖడా దుపట్టాలో నా కూతురు నడిచొస్తుంటే, ఏడు పేటలూ ఒక్కటిగా ఊగి ఒక్కటిగా ఆగాయి. నా కళ్ళు దాని మొహం మీద కన్నా దారాల మీదే ఉన్నాయి. ఒక్క పేటా తెగలేదు.

నాటకం అయ్యాక అది వేషంతోనే వచ్చి అమ్మమ్మ పక్కన కూర్చుంది. అమ్మ చెయ్యి చాపి దాని మెడ తడిమింది. వేళ్ళు మొదటి పేట మీద ఆగాయి. ముడులు తగిలాయి కాబోలు, ఒక్కోటీ లెక్కపెట్టుకుంటూ పోయింది. అటు గాజుపూస తగలగానే ఆపి, వెనక్కి వచ్చి మళ్ళీ లెక్కపెట్టింది.

"ఇరవై రెండే ఉన్నయి" అంది నాతో.

చెప్పేశాను. చింతపండు, వెండి గిన్నె, బీరువా, అన్నీ. చుట్టూ జనం, పిల్లల కేకలు, మైకు గోల. అమ్మకు సగమన్నా వినిపించిందో లేదో అనుకున్నా. అమ్మాయి నావైపు నోరు తెరిచి చూస్తోంది. అమ్మ మాత్రం ముత్యాల మీంచి చెయ్యి తీయలేదు. కాసేపటికి అడిగింది.

"తక్కినయి పారేసినవా?"

"లేదమ్మా. డబ్బాల ఉన్నయి."

"ఆదివారం తీసుకరా" అంది. "ఆ దారం కూడా తే."